కినాకోకి ఐదో రోజు

పిల్లి తొట్టిలో ఇసుక నిన్న సాయంత్రం తను చదును చేసి వెళ్ళినట్టే ఉంది. ఒక మూల నాలుగు గోటి గీతలు, కాస్త తడి, అంతే. చిజుకో మోకాళ్ళ మీద వంగి చిల్లుల గరిటెతో అడుగుదాకా కెలికి చూసింది. ఏమీ లేదు. మోకాలు కలుక్కుమంటే గోడ పట్టుకుని లేచి, రబ్బరు తొడుగు విప్పుతూ "ఐదో రోజు" అనుకుంది. అప్పటికింకా ఆమె ఇంటాయనను పలకరించనైనా లేదు.

"ఏమైనా కనబడిందా హెల్పరుగారూ?" లోపల్నుంచి ఇవబుచిగారి గొంతు.

"లేదండీ. తడి ఒక్కటే."

"తెల్లారగట్ల రెండుసార్లు వెళ్ళింది. కూర్చుంది. మూలిగింది. వచ్చేసింది."

ఎనభై ఆరేళ్ళ మనిషి. ముప్ఫై ఎనిమిదేళ్ళు రైలు గేటు కాసిన మనిషి. ఏది చెప్పినా స్టేషనుకి కబురు పంపుతున్నట్టే చెబుతారు.

చిజుకోకి అరవై మూడు. ముసలివాళ్ళ ఇళ్ళకు వెళ్ళి వండి, తుడిచి, స్నానాలు చేయించి వచ్చే ఉద్యోగం. రోజుకి ఆరిళ్ళు, ఆఫీసు వాళ్ళ బుల్లి కారు, ఈ ఊరి మంచు. ఆరిళ్ళలోనూ ఆమె పేరు హెల్పరుగారే. చిజుకో అని పిలిచే మనుషులు ఒక్కొక్కరే తగ్గిపోయారు. అమ్మ పోయింది. మొగుడు ఇంకో ఊళ్ళో ఇంకో ఆవిడతో ఉంటున్నాడు. ఆ సంగతి తలుచుకుని ఏడ్చే ఓపిక కూడా ఎప్పుడో అయిపోయింది. మంచాన పడ్డ అమ్మకి తొమ్మిదేళ్ళు చేసిన చాకిరీయే, అమ్మ పోయాక, బతుకుతెరువైంది. కొత్తగా నేర్చుకునేదేం లేకపోయింది మరి! ఇంటింటికీ వెళ్ళి "ఇవాళ అయిందాండీ?" అని అడగడం, అయితే కాగితం మీద ఆ గడిలో సున్నా చుట్టడం, కాకపోతే గీత గీయడం. ఇరవై ఏళ్ళుగా ఆమె జీవితమంతా ఊళ్ళోవాళ్ళ కడుపుల లెక్కే.

కానీ కాగితంలో గడి మనిషికే. పిల్లికి లేదు. ప్రభుత్వం హెల్పర్ని ముసలాయనకిచ్చింది గాని ఆయన పిల్లికివ్వలేదు. ఆయన బట్టలు ఉతకొచ్చు, స్టవ్‌లో కిరసనాయిలు పోయొచ్చు. పిల్లి తొట్టి ముట్టుకోకూడదు, రూలు. ఈ రూలు పెట్టినవాడు పదిహేడేళ్ళ పిల్లినీ, నడుము వంగని ముసలాయన్నీ ఒక ఇంట్లో పెట్టి ఒక్కరోజు చూసి ఉంటే బాగుండేది.

నవంబరులో ఒక తప్పు జరిగింది. వరసగా నిద్రల్లేక, పరధ్యానంగా, పిల్లి కినాకో సంగతి తీసుకెళ్ళి ఇవబుచిగారి కాగితంలో రాసేసింది చిజుకో. "మూడు రోజులుగా లేదు. గట్టిగా ఉంది. కూర్చుని మూలుగుతోంది." వారానికోసారి వచ్చే నర్సమ్మ అది చదివి, ముసలాయనకి విరేచనం మందు ఇచ్చి వెళ్ళింది. ఈయన కిమ్మనకుండా వేసుకున్నారు. రెండు రోజులు గోడ పట్టుకుని తిరిగారు. "అదేంటండీ, మీకేం లేదని చెప్పొద్దా?" అని చిజుకో తల బాదుకుంటే, "పైనుంచి వచ్చింది కదా, ఏదో కారణం ఉంటుందనుకున్నాను" అన్నారు. ఆ సంగతి బయటపడి, ఆఫీసులో సెరిజావా చిజుకోని పిలిచింది. కూతురు వయసున్న సూపర్వైజరు. అరవలేదు. "కన్నోగారూ, ఇంకోసారి పిల్లి జోలికెళ్ళారని తెలిస్తే ఆ ఇంటికి వేరేవాళ్ళని పంపాల్సొస్తుంది" అని ఇంటిపేరు పెట్టి మెత్తగా చెప్పింది.

ఆ ఇల్లు వదులుకోవడం చిజుకో వల్ల కాదు. మిగతా అయిదిళ్ళలో ఆమె చేసేదంతా కాగితం కోసం. ఈ ఒక్క ఇంట్లోనే, కాగితానికి ఎక్కని పని ఒకటుంది. అది చేసినప్పుడే తను మనిషినన్న సంగతి గుర్తొస్తుంది.

అందుకే చాటుగా చేస్తూనే ఉంది. ఎండు మేత మాన్పించి తడి మేత పెట్టించింది. ఉప్పూ సోయా రసం లేకుండా ఉడికించిన గుమ్మడికాయ చెంచాడు అందులో మెదిపి కలిపింది. నీళ్ళ గిన్నెలు నాలుగు చోట్ల పెట్టింది. ముసలి కాళ్ళు ఎత్తలేవని తొట్టి అంచు ఒక పక్క రంపంతో కోసింది. మింగిన బొచ్చు లోపల ఉండ కట్టకుండా రోజూ దువ్వెన పెట్టింది. పశువుల డాక్టరిచ్చిన సిరప్ పొద్దునా సాయంత్రం. ఇన్ని చేసినా కొతాత్సు ముందు ఏదీ నిలవలేదు.

ఆ పొట్టి బల్ల కింద హీటరు, చుట్టూ నేలదాకా దూది బొంత. డిసెంబరులో వేస్తే మార్చిదాకా ఆపరు. ముసలాయన నడుందాకా అందులోనే, పిల్లి తోకతో సహా అందులోనే. వేయించిన సోయాపిండి రంగని భార్య ఫుమిగారు కినాకో అని పేరు పెట్టిన ఆ పిల్లి, ఆవిడ పోయిన ఆరేళ్ళలో ఆ బొంత కిందే ముసలిదైపోయింది. మేత పెడితే తల బయటపెట్టి తింటుంది, తల లోపలికి లాక్కుంటుంది.

చిజుకో బొంత ఎత్తింది. మొహానికి వేడి కొట్టింది. "ఏమ్మా మహారాణీ, ఇవాళైనా దయ కలగలేదా?" అంటూ పిల్లిని ఒళ్ళోకి లాక్కుని, అరచేత్తో పొట్ట మీద గుండ్రంగా రాసింది. లోపల గులకరాళ్ళు వరసగా తగిలాయి. కినాకో పళ్ళు బయటపెట్టింది గాని కరవలేదు. దానికీ ఓపిక లేదు.

"రేపు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలండీ" అంది చిజుకో.

అక్టోబరులో మత్తిచ్చి తీయాల్సి వచ్చింది. మూత్రపిండాలు బాగాలేవు, ఇంకోసారి మత్తిస్తే లేస్తుందని చెప్పలేనని డాక్టరు అప్పుడే చెప్పేశాడు.

"ఇవాళ అయిపోతే?" అన్నారు ఇవబుచిగారు.

"అయిపోతే ఏ గొడవా లేదు. ఒక్క మాట చెబుతాను, కోప్పడకండి. ఈ కొతాత్సు ఆపేద్దాం."

ఎవరో లాక్కుపోతున్నట్టు ఆయన బొంత అంచు పట్టుకున్నారు. "దానికి చలి."

"చలేస్తేనే లేస్తుంది. లేస్తేనే నాలుగడుగులు తిరుగుతుంది, నీళ్ళు తాగుతుంది. రోజంతా ఈ పొయ్యిలో పడుకుంటే ఒంట్లో నీళ్ళేం మిగుల్తాయండీ? అది పిల్లా, ఎండు చేపా?"

ముసలాయన నవ్వబోయి ఆగారు. "ఎప్పటిదాకా?"

"కాసేపు."

"కాసేపంటే?"

గడియారం చూసుకుంది. ఇంకా పప్పుల పులుసు వేడి చేయాలి, బట్టలు ఆరేయాలి, పన్నెండు నిమిషాలే ఉన్నాయి. "నేను ఫోన్ చేస్తాను కదా, అప్పుడు వేసుకోండి. మీకు స్టవ్ ఉంది. నీళ్ళు మాత్రం చల్లారనివ్వకండి. చల్లవైతే మూతి పెట్టదు, గోరువెచ్చగా ఉండాలి."

"మీరు ఫోన్ చేస్తారు. అప్పుడు వేస్తాను" అని ఆయన తిరిగి అప్పజెప్పారు.

తన నంబరు ఇళ్ళల్లో ఇవ్వకూడదన్నది ఇంకో రూలు. ఆ నంబరు ఆయన ఫోను పక్కన గోడ మీద పెద్ద అంకెల్లో ఉంది.

మధ్యాహ్నం పన్నెండున్నరకి, కారు ఒక దుకాణం ముందు ఆపుకుని అన్నం ముద్ద కొరుకుతుంటే ఫోను మోగింది.

"ఇవబుచి. అది లేచింది."

"నీళ్ళు?"

"మూడు గుక్కలు."

"తొట్టి?"

"వెళ్ళలేదు. స్టవ్ ముందుకెళ్ళి పడుకుంది."

అన్నం ముద్ద నోట్లో ఉంది. అద్దం మీద మంచు పేరుకుంటోంది. ఒంటిగంట ఇంటికి సెరిజావా వచ్చి పని చూస్తానందని పొద్దుటినుంచీ బుర్ర అదే తింటోంది. నడుం లాగేస్తోంది. "దీని దుంపతెగ" అనుకుంది. "అయితే స్టవ్ కూడా ఆపేయండి కాసేపు. అరగంటలో చేస్తాను" అంది.

"అరగంట" అన్నారు ఆయన. పెట్టేశారు.

ఒంటిగంట ఇల్లు తెందోగారిది, లేవలేని ముసలావిడ. సెరిజావా అప్పటికే గుమ్మంలో నిలబడి ఉంది. పనిలో ఫోను దగ్గర ఉండకూడదు కాబట్టి చిజుకో దాన్ని సంచిలో పెట్టి కారులోనే వదిలేసింది. లోపల దుప్పటి ఎత్తేసరికి, అక్కడ అయింది. అవసరానికి మించి అయింది. వీపుదాకా, జుట్టుదాకా. ఇద్దరూ కలిసి ఆవిడని ఎత్తి, కడిగి, పక్క మార్చి, మళ్ళీ కడిగేసరికి రెండుంబావు. "కన్నోగారూ, మీ చేతుల్లో ఏముందో గాని ఆవిడ ఒక్కసారి కూడా ఏడవలేదు" అంది సెరిజావా. ఇన్నేళ్ళలో ఆఫీసువాళ్ళు అన్న ఒకే ఒక్క మంచి మాట. చిజుకోకి కళ్ళు చెమ్మగిల్లాయి. ఆ మాటే నెమరేసుకుంటూ, ఆలస్యమైందని పరుగులాంటి నడకతో పక్క వీధిలో తర్వాతి ఇంటికి వెళ్ళింది. అక్కడ వంట. ఆ తర్వాతి ఇంట్లో కాలికి కట్టు మార్చడం.

నాలుగూ పదికి కారు అద్దం మీద మంచు చీపురుతో దులుపుతుంటే గుర్తొచ్చింది.

చీపురు చేతిలోనే ఉంది. ఫోను తీసి చేసింది. మోగింది, మోగింది, మోగుతూనే ఉంది. బాత్రూములో ఉన్నారేమో అనుకుంది. నిద్రపోయారేమో అనుకుంది. మళ్ళీ చేసింది. మంచు తీసే బండి వెనకాల ఇరవై అయిదు నిమిషాలు ఇరుక్కుని, స్టీరింగు మీద పిడికిలితో కొట్టుకుంటూ "వేసుకోండి ఇవబుచిగారూ, వేసుకోండి" అని గట్టిగా అరిచింది.

ఇంట్లో దీపం లేదు. తలుపు తీయగానే బయట కన్నా లోపలే చలి ఎక్కువనిపించింది. చెప్పులతోనే లోపలికి నడిచి స్విచ్చి నొక్కింది.

ఇవబుచిగారు కొతాత్సు దగ్గరే కూర్చుని ఉన్నారు. కాళ్ళు బొంతలో, వీపు గోడకి, తల కొంచెం పక్కకి. పల్చటి స్వెట్టరు. ఫోను తీసి బల్ల మీద, చేతికి అందేచోట పెట్టుకున్నారు. చిజుకో మెడ కింద వేళ్ళు పెట్టింది. ఇరవై ఏళ్ళ పనిలో ఇది మూడోసారి, వేళ్ళకి వెంటనే తెలిసిపోయింది. అయినా తీయలేదు.

స్టవ్ ఆపేసి ఉంది. పొద్దున పోసిన నూనె అంగుళమైనా దిగలేదు.

వంటగది వైపు నుంచి కినాకో వచ్చింది. తోక నిలబెట్టి నడిచి వచ్చింది. కొన్ని నెలలైంది దాని నడక చూసి. చిజుకో తొట్టి దగ్గరికి వెళ్ళింది. ఉంది. నల్లగా, పొడుగ్గా, మొదట గట్టిగా, చివర మెత్తగా. అయిదు రోజులది. ఆమె వెనక్కి వచ్చి ఆయన ముందు మోకాళ్ళ మీద కూలబడింది.

"అయిందండీ" అంది. "ఇవబుచిగారూ, అయింది."

అప్పుడు ఏడుపొచ్చింది. అమ్మకి కూడా అంత ఏడవలేదు.

అంబులెన్సు వాళ్ళు వచ్చారు, తర్వాత పోలీసు, తర్వాత డాక్టరు. గుండె అన్నాడు డాక్టరు. ఎనభై ఆరేళ్ళకి జనవరిలో గుండె అంటే ఇంకెవరూ ఏమీ అడగలేదు. సెరిజావా వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

"నేనే ఆపమన్నాను" అంది చిజుకో. "ఫోన్ చేస్తానన్నాను. మర్చిపోయాను. ఆయన ఎదురుచూశారు."

"కన్నోగారూ, గుండె అని రాశారు కదా" అంది సెరిజావా. "మీరు ఇంటికెళ్ళండి. కాగితం నేను చూసుకుంటాను."

"వద్దండీ. నా కాగితం నేనే రాస్తాను."

నిలబడే రాసింది. కొతాత్సు ఎన్నింటికి ఆపమందో, స్టవ్ ఎన్నింటికి ఆపమందో, ఎన్నింటికి ఫోన్ చేస్తానందో, ఎన్నింటికి చేసిందో. కింద తన పేరు పూర్తిగా రాసింది, కన్నో చిజుకో. సెరిజావా అది తీసుకుని చదివి, మడిచి సంచిలో పెట్టుకుంది.

ఆయన్ని తీసుకెళ్ళాక చిజుకో పిల్లిని ఎత్తి తన కోటు లోపల పెట్టుకుంది. ఈసారి సెరిజావా చూస్తూనే ఉంది, రూలు మాట ఎత్తలేదు. దీపం తీయబోతూ బల్ల అవతలి పక్కకి చూస్తే అక్కడ నీళ్ళ గిన్నె కనబడింది. వంగి వేలు ముంచింది. నీళ్ళు ఇంకా పూర్తిగా చల్లారలేదు. గిన్నె చుట్టూ ఉన్నది విప్పబుద్ధి కాలేదు. అలాగే వదిలేసి తలుపు వేసింది. ఆయన ఒంటి మీద ఉండాల్సిన దూది కోటు గిన్నె చుట్టూ రెండు మడతలు చుట్టి ఉంది, కోటు చేతులు రెండూ ముందుకి తెచ్చి, జారిపోకుండా ముడి వేసి ఉన్నాయి.