రెండుసార్లు కొడితే కుడి

లైఫ్ జాకెట్లు ఇరవై రెండు. ఒక్కోదాన్ని సబ్బునీళ్లలో ముంచి, పరాయివాళ్ల చెమటంతా పిండి, తీగ మీద ఆరేసేసరికి ఆమె నడుము పట్టేసింది. మొగుడు అద్దం ముందు నిలబడి గైడు టోపీ సవరించుకుంటున్నాడు.

"ఇవాళ అటవీశాఖ ఆఫీసరు పడవెక్కుతున్నాడు. నా లైసెన్సు ఉంటుందో ఊడుతుందో ఈ ఒక్క ట్రిప్పుతో తేలిపోతుంది. నువ్వు నోరు విప్పావో, అందరం వీధిన పడతాం," అన్నాడు.

"వాడివి గద్ద కళ్లు. వాడికేం భయం?" అంది లోపల్నించి అత్తగారు.

ఆ గద్ద కళ్లకి నాలుగు బారల అవతలిదంతా మసకే. కళ్లజోడు పెట్టుకోమంటే, జోడున్న గైడు వెంట అడవిలోకి ఎవరొస్తారని కసురుతాడు. అందుకే పదకొండేళ్లుగా పడవ వెనకాల కూర్చుని తెడ్డు వేసేదీ ఆమే, చూసేదీ ఆమే. తెడ్డు పిడితో పడవ అడుగున ఒక్కసారి కొడితే ఎడమ, రెండుసార్లు కొడితే కుడి. తర్వాత మంచినీళ్లిచ్చే వంకతో ముందుకెళ్లి, లకుముకి పిట్టనో, నీటికుక్కనో చెవిలో చెప్పి వస్తుంది. అతను చెయ్యి చాపి గంభీరంగా ప్రకటిస్తాడు. "అబ్బ, ఏం చూపండీ మీది!" అంటారు జనం. ఆమెను మాత్రం టీ ఇమ్మంటారు. ఆమెకు కోపం రాదా అంటే వస్తుంది. తీర్చుకునే తీరికే ఉండదు.

మడ అడవిలోకి వెళ్లేకొద్దీ పాయ సన్నబడింది. ఆటు మొదలై నీళ్లు తీస్తున్నాయి, పడవకి అందేంత దగ్గరగా రెండు పక్కలా బురద గట్లు బయటపడుతున్నాయి. ఆఫీసరు సరిగ్గా మొగుడూ పెళ్లాల మధ్య బల్ల మీద కూర్చున్నాడు. ఇవాళ చెవిలో చెప్పడం కుదరదు. కుడి గట్టున బురద పూసుకుని పడుకున్న మొసలిని చూసి ఆమె రెండుసార్లు కొట్టింది.

మొగుడు కుడికి తిరిగి కళ్లు చికిలించాడు. నల్లగా, పొడుగ్గా ఏదో ఆనినట్టుంది.

"లకుముకి సార్! ఇప్పుడే ఎగిరింది. మళ్లీ ఆ దుంగ మీదే వాలుతుంది. ఇక్కడ నేల గట్టిగా ఉంటుంది, దిగి నిలబడితే ఫోటో భలే వస్తుంది."

ఆఫీసరు చెప్పులు విప్పాడు. ఆమె మళ్లీ రెండుసార్లు కొట్టింది, గట్టిగా.

"ఏంటా చప్పుడు? పిట్ట బెదిరిపోతుంది," అని మొగుడు విసుక్కున్నాడు.

ఎడమకి సైగ ఉంది, కుడికి ఉంది. వద్దు అనడానికి లేదు. ఆమెకి వద్దనాల్సిన అవసరం వస్తుందని ఈ పదకొండేళ్లలో ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు. నోరు విప్పితే లైసెన్సు పోతుంది, ఇంటికెళ్లాక ఏం జరుగుతుందో ఆమెకు తెలుసు. విప్పకపోతే మనిషే పోతాడు. ఆఫీసరు ఒక కాలు పడవ అంచు దాటించాడు.

"దిగకండి! అది మొసలి!"

"దానికేం తెలుసు సార్, తెడ్డేసే మనిషి," అంటూ మొగుడు నవ్వబోయాడు. అంతలో దుంగ నోరు తెరిచింది. తెరిచిన నోటితోనే జర్రున నీళ్లలోకి జారింది. ఆఫీసరు వెనక్కి కూలబడ్డాడు.

ఆమె పడవని వెనక్కి తిప్పి రేవుకి చేర్చింది. దిగాక ఆఫీసరు కాగితంలో మొగుడి పేరు మీద అడ్డంగా గీత కొట్టి, ఆమె వైపు తిరిగాడు.

"ఆ చప్పుళ్లేంటో ఇప్పుడర్థమైంది. ఎన్నేళ్లుగా చూపిస్తున్నావమ్మా?"

"పదకొండేళ్లండీ."

"కొత్త ఫారం ఇస్తాను. గైడు పరీక్షకి కూర్చుంటావా?"

"దానికెక్కడ కుదురుతుంది సార్!" మొగుడు తొందరపడ్డాడు. "ఇల్లెవరు చూస్తారు?"

ఆమె చేతుల తడి తుడుచుకుని ఫారం అందుకుంది.

"ఆయన చూస్తారండీ," అంది. "ఆయనకి దూరమే ఆనదు. అంట్లు దగ్గరే ఉంటాయి."