జే పిట్ట ఏరిన కాయలు

అక్టోబరు పన్నెండు. ఆ మధ్యాహ్నం మా వదిన నోరీన్ ఇంట్లో బంగాళాదుంపల సూప్, వెన్న రాసిన సోడా రొట్టె తిన్నాం. తిన్నాక పాత దుప్పటి ఒకటి పట్టుకుని గట్టు మీది ఓక్ చెట్టు దగ్గరికి వెళ్లాం. చెట్టు లోపల గుల్లబారింది. దారి మీద పడుతుందని, వచ్చే నెల కొట్టేయడానికి రోడ్ల వాళ్లు మొదలు మీద ఎర్రరంగు పూసి పోయారు.

నోరీన్, ఆమె చెల్లెలు ఊనా ఆ చెట్టు కొమ్మకు ఊయల కట్టుకుని పెరిగినవాళ్లు. ఊనా నా భార్య. ఆ వసంతంలో, మంచం దిగలేని రోజుల్లో, తను నన్ను అడిగింది ఒక్కటే: "దాని పిల్లనొకదాన్ని బతికించవూ." తరవాత ఎక్కువ రోజులు లేదు. మా కొండంతా కలప కోసం పెంచే స్ప్రూస్ చెట్ల తోటలే. చుట్టుపక్కల మరో ఓక్ లేదు.

దుప్పటి పరిచి కొమ్మలు దులిపాం. గుప్పెడు కాయలు రాలాయి. వదిన ఇంటికి తెచ్చి బకెట్ నీళ్లలో పోశాను. మంచి కాయ మునుగుతుంది, పుచ్చుది తేలుతుంది. అన్నీ తేలాయి. మబ్బుల నీడల మధ్య మెల్లగా తిరుగుతూ ఉండిపోయాయి.

"పడవల పందెమా, మేష్టారూ?" అంది నోరీన్. నా ముఖం చూసి గొంతు తగ్గించింది. "రండి, టీ పెడతాను."

అంతలో పెరట్లో కీచుమన్న అరుపు. ఉల్లిమడిలోంచి జే పిట్ట నీలిరెక్క మెరిపిస్తూ లేచింది.

"దొంగమొహందానా!" నోరీన్ మట్టిబెడ్డ ఎత్తింది. "కొన్నాళ్లుగా ఇదే పని. ఏదో తెచ్చి నా మడిలో కుక్కుతోంది!"

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. "ఆగు వదినా. ఓక్ కాయలే అయుంటాయి. అది పుచ్చిన కాయ ముట్టదు. ముక్కుతో తూచి మరీ తీసుకుంటుంది. మంచివన్నీ మనకంటే ముందే ఏరుకుపోయింది."

"ఏరి నా ఉల్లిమడిలో దాచిందా?"

"చలికాలంలో తవ్వుకు తింటుంది. మరిచిపోయినవి మొలుస్తాయి."

"ఏమైనా మరిచిపోతుందంటారా?"

"తెలియదు."

చీకటి పడేదాకా వేళ్లతో మట్టి తడిమాం. ఒక్కటీ దొరకలేదు. చలికాలం రాకముందే ఆ మడిని లోతుగా తవ్వి ఎరువు కలపాలి. ఊరి ప్రదర్శనలో ఏటేటా మొదటి బహుమతి నోరీన్ ఉల్లిపాయలదే. ఆమె గోడకు ఆనించిన పార తీసింది. కాసేపు చూసి, కొట్టంలోకి తీసుకెళ్లి మేకుకు తగిలించింది.

"ఈసారి కప్పు ఆ క్విగ్లీ గాడు పట్టుకుపోనీలెండి. వాడి ఉల్లిపాయలు తలగడలంత ఉంటాయి, రుచి కూడా తలగడల రుచే."

నవంబరులో చెట్టును కొట్టేశారు. మర్నాటి నుంచి నోరీన్ వంటింట్లో, ఎప్పుడూ ఆ చెట్టు నీడ ఉండే మూల బల్ల మీద, ఎండ వచ్చి కూర్చునేది. మేమిద్దరం దానికి చోటిచ్చి పక్కకు జరిగేవాళ్లం.

చలికాలమంతా పిట్ట వస్తూనే ఉంది, తవ్వుకు తింటూనే ఉంది. తోలడానికి మాకు మనసొప్పలేదు. నిప్పు ఎగదోస్తున్నా, నిద్రలోకి జారుతున్నా, మట్టి కింద ఎక్కడో తెల్లటి వేరొకటి దిగుతున్నట్టే ఉండేది. దాని పైన ఊయల చప్పుడు. ఎవరు ఊగుతున్నారో చూడబోతే మెలకువ వచ్చేది.

మే నెలలో మడి నిండా కలుపు. ఒక సాయంత్రం నోరీన్ మా రెండిళ్ల మధ్య గోడ అవతల నుంచి పిలిచింది. "మేష్టారూ, కళ్లద్దాలు పెట్టుకు రండి."

గడ్డి మధ్య రాగిరంగు చిగురు. రెండే ఆకులు, అంచులు మెత్తగా వంపులు తిరిగి.

నేను చెయ్యి చాపాను.

"ముట్టకండి. పసిది," అంది.

ఆ రాత్రి మంచు గడ్డకడుతుందని రేడియోలో చెప్పారు. నోరీన్ లోపలికి వెళ్లి, అంచు పగిలిన సూప్ గిన్నె తెచ్చి మొక్క మీద బోర్లించింది. గిన్నె మీద చెయ్యి కాసేపు అలాగే ఉంచింది.

"పొద్దున్నే వచ్చి మీరే తీయండి," అంది నాతో. "దానికి ముందు మీరే కనబడాలి."

నేను గేటు దాటేదాకా గుమ్మంలో నిలబడింది. తరవాత, పసిబిడ్డ నిద్రపోతున్న ఇంట్లోలా, చప్పుడు కాకుండా తలుపు మూసింది.