వాగుడు బొగ్గులు

పొద్దున్నే కుంపటి రాజుకోగానే అందులోంచి ఎవరో గట్టిగా దగ్గారు. ఆ వెంటనే ఇంకెవరో, "చలికి చచ్చిపోతున్నానురా," అన్నారు.

"ఈసారి అన్నీ దగ్గులే అంటగట్టాడు షాపువాడు," అంది మరదలు, విసనకర్ర ఆపకుండా.

"సాయంత్రం వెళ్ళి నాలుగు దులుపు," అంది ఆమె ఆడపడుచు కాటా అక్క, టీ గ్లాసు అందుకుంటూ.

ఆ ఊళ్ళో బొగ్గు తీరే అంత. కట్టెలు పేర్చి, పైన మట్టి కప్పి, రోజుల తరబడి లోలోపల మగ్గబెడతారు కదా, ఆ బట్టీ పక్కన కూర్చున్నవాళ్ళు ఏం మాట్లాడుకుంటే అది బొగ్గులోకి ఇంకిపోతుంది. నిప్పంటుకున్నప్పుడు బయటికొస్తుంది. అదీ ఒక్కసారే. ముక్క బూడిదయ్యాక ఎంత బతిమాలినా ఆ మాట మళ్ళీ వినపడదు. ఇళ్ళవాళ్ళు షాపుకెళ్ళి, "నోరులేని బొగ్గు ఉందా?" అని అడిగి, కాస్త ఎక్కువిచ్చి కొనుక్కునేవాళ్ళు. ఏడుపులూ తగాదాలూ ఉన్న బొగ్గు టీ కొట్లకీ, ఇస్త్రీ బళ్ళకీ పోయేది. అక్కడి రొదలో ఎవరు వింటారు?

కాటా అక్కది వంటచెరకు సర్వే ఉద్యోగం. ఏ ఇంట్లో ఎంత కట్టె, ఎంత బొగ్గు కాలుతోందో ప్రభుత్వానికి తెలియాలట. భుజాన స్ప్రింగు కాటా వేలాడేసుకుని ఇల్లిల్లూ తిరిగేది. ఆ రోజుకని తీసిపెట్టుకున్న కట్టెల మోపునీ, బొగ్గుల బుట్టనీ కొక్కేనికి తగిలించి తూచి, మర్నాడు వెళ్ళి మిగిలింది తూచేది. "పనిలో పని, మా అత్తగారిని కూడా తూచిపో," అని ఆడవాళ్ళు ఆటపట్టించేవాళ్ళు. అన్నీ అయ్యాక చివరి ప్రశ్న అడిగేది: "ఈ బొగ్గు ఎక్కడ్నించి వస్తుంది?" అందరూ "షాపు నుంచి," అనేవాళ్ళు. ఆమె "షాపు" అని రాసుకుని లేచేది.

ఆమెకున్న ఒక్కగానొక్క తమ్ముడు బట్టీ పనికని ఒక మేస్త్రీ వెంట వెళ్ళాడు. అంతే సంగతులు. వానలు వచ్చాయి, పోయాయి, మనిషి మాత్రం రాలేదు. "మధ్యలోనే చెప్పాపెట్టకుండా పోయాడమ్మా," అన్నాడు మేస్త్రీ తాలూకు మనిషి. చెప్పాపెట్టకుండానట! అంత దుఃఖంలోనూ ఆ మాటకి మరదలికి నవ్వొచ్చింది. ఆమె మొగుణ్ణి ఇంటాబయటా అందరూ వాగుడుకాయ అనే పిలిచేవాళ్ళు. నిద్రలో కూడా పక్కింటి సంగతులు చెప్పే మనిషి.

"చచ్చిపోయినా సరే, వచ్చి ఎలా చచ్చిపోయాడో పూసగుచ్చినట్టు చెప్పి మరీ పోతాడు వదినా," అంది.

కానీ ఆమె అన్నయ్య ఇక ఊరుకోలేదు. వచ్చే ఆదివారం వచ్చి చెల్లెల్ని తీసుకెళ్ళిపోతానని కబురు పెట్టాడు. వేరే సంబంధం కూడా చూసి పెట్టాడట. ఆమె ఔననలేదు, కాదనలేదు. కాదనడానికి ఏదో ఒక ఆధారం ఉండాలి కదా.

సోమవారం కాటా అక్క ఇస్త్రీ తాత బండి దగ్గర బొగ్గు తూచి రాసుకుంటోంది. తాత ఇస్త్రీ పెట్టె మూత తీసి ఊదాడు. లోపల నిప్పు ఎర్రబడింది.

"మా అక్క ఉంది చూశావూ," అంది ఇస్త్రీ పెట్టె, "టీలో పంచదార కూడా కాటా వేశాకే పోస్తుంది."

ఆమె చేతిలోంచి కాటా జారిపడింది.

"ఇది మరీ వాగుడు బొగ్గమ్మా," అన్నాడు తాత. "వారం నుంచి వీడి సోదే. వినలేక నా చెవులు దిబ్బళ్ళేశాయి."

"ఉష్, తాతా!"

"ఎలా పోతాంరా?" అంటోంది పెట్టె, ఈసారి గొంతు తగ్గించి. "పనైపోగానే మేస్త్రీ బయట తాళం వేసేస్తున్నాడుగా." అంతలో ముక్క చిట్లి బూడిదైపోయింది.

"ఈ బస్తా ఎక్కడ్నించి వచ్చింది తాతా?"

"ఎక్కడ్నించేమిటమ్మా, షాపు నుంచి."

ఆ మాట ఆమె ఎన్ని ఇళ్ళల్లో రాసుకుందో! షాపుకి ఎక్కడ్నించి వస్తోందని ఒక్క ఇంటి దగ్గరైనా తోచలేదు. తన మీద తనకే ఒళ్ళు మండింది. తాత దగ్గరున్న బొగ్గంతా బస్తాతో సహా కొనేసి, భుజాన వేసుకుని ఇంటికి మోసుకుపోయింది.

వదినా మరదళ్ళిద్దరూ కుంపటి ముందు కూర్చుని ఒక్కో ముక్కే వెలిగించారు. మొదటి మాట వినగానే మరదలు మోకాళ్ళలో తల దూర్చుకుని భోరుమంది. అన్నాళ్ళ ఏడుపు ఒక్కసారే ఏడ్చింది. కాటా అక్క మాత్రం చెవులు రిక్కించుకుని కూర్చుంది. వాగుడుకాయ అంత వాగుడు వాగీ పనికొచ్చే మాట ఒక్కటీ అనలేదు. ఎప్పుడో చూసిన సినిమా కథ చెప్పాడు, అదీ తప్పుగా. కూరలో ఉప్పు లేదన్నాడు. "నీ సోది తగలెయ్య, ఎక్కడున్నావో చెప్పరా!" అని ఆమె కుంపటిని తిట్టింది. ఒక్క ముక్కలో మాత్రం అతని మాటల వెనక పడవ మోటారు చప్పుడు వినిపించింది.

ఇంకో ముక్క కోసం చెయ్యి పెడితే బస్తా ఖాళీ.

"పెద్ద ముక్కొకటి ఉండాలే?"

మరదలు వెనక్కి జరిగింది. గుప్పిట వీపు వెనక దాచుకుంది.

"ఇటివ్వు."

"ఇవ్వను వదినా. కాలిస్తే అయిపోతుంది. ఆయన దొరక్కపోతే నాకు ఇదొక్కటైనా మిగలాలి."

"దొరకాలనే కదే కాల్చేది!"

"నువ్వు వెతుకు, నేనూ వెతుకుతాను. ఇది మాత్రం అడక్కు."

ఆ పూటంతా ఇద్దరూ ఎడమొహం పెడమొహంగా ఉన్నారు. మర్నాడు ఖాళీ బస్తా మడతపెడుతుంటే కాటా అక్క చెయ్యి ఆగిపోయింది. బొగ్గు రాలకుండా బస్తా మూతిలో కుక్కిన గడ్డి తుంగ. కుట్టింది చేపల వల దారంతో. ఎక్కడ ఏది దొరికితే దాంతోనే మూతి మూస్తారు. షాపులో ఆమె రోజూ చూసేవన్నీ ఎండుటాకులు కుక్కి పురికొసతో కుట్టినవి.

తిన్నగా ఆఫీసుకెళ్ళి, బొగ్గులో తమ్ముడి గొంతు విన్న సంగతి సూపర్‌వైజరుకి చెప్పింది.

"సార్, ఇక నుంచి షాపు అని రాయను. షాపుకి ఎక్కడ్నించి వస్తోందో అది రాస్తాను."

"ఫారంలో అంత జాగా లేదమ్మా."

"వెనక రాస్తాను."

"బట్టీలు మన సర్వేలోకి రావు."

"బట్టీ లేకుండా బొగ్గెలా వస్తుంది సార్?"

ఆమె పట్టిన పట్టు విడిచే మనిషి కాదని ఆయనకి తెలుసు. కాసేపు బల్ల మీద కాగితాలు అటూ ఇటూ సర్ది, "మా ఇంట్లో కూడా ఎవడో పొయ్యిలోంచి అమ్మా, అమ్మా అని పిలుస్తున్నాడు," అన్నాడు. "మా ఆవిడకి తిండి సయించట్లేదు. చోటు కనిపెట్టు. శనివారం జీపు ఖాళీయే, నేనూ వస్తాను."

లారీలు బొగ్గు దింపే యార్డులో ఆమె రోజూ సాయంత్రం దాకా నిలబడింది. దిగిన ప్రతి బస్తా మూతీ చూసింది. "ఏంటక్కా, ఇవాళ కళ్ళతోనే తూస్తున్నావా?" అని డ్రైవర్లు నవ్వారు. కాళ్ళు పీకాయి, మసికి మొహం గుర్తుపట్టలేకుండా అయింది, అయినా కదల్లేదు. శుక్రవారం ఒక లారీ నిండా తుంగ కుక్కిన బస్తాలు దిగాయి.

"ఇవెక్కడివి తమ్ముడూ?"

"రేవు అవతల, ఉప్పు మడుల పక్క బట్టీవి. పడవలో రేవు దాటించి నా లారీకెక్కిస్తారు."

శనివారం ఆమె గడప దాటుతుంటే మరదలు ఎదురొచ్చి, గుడ్డలో చుట్టిన బొగ్గు ముక్క చేతిలో పెట్టింది.

"నేను వినలేదు వదినా. అలాంటివాడు ఇక్కడ లేడని వాళ్ళు బుకాయిస్తే నీకు పనికొస్తుంది."

కాటా అక్క మరదలి తల నిమిరి జీపెక్కింది.

ఆమె, సూపర్‌వైజరు పడవలో రేవు దాటి వెళ్ళేసరికి బట్టీ దగ్గర అంతా నిశ్శబ్దం. కొందరు మనుషులు మూతులకి గుడ్డలు కట్టుకుని మట్టి ఎత్తుతున్నారు. ఎవరూ తలెత్తి చూడలేదు. మేస్త్రీ మర్యాదగా స్టూళ్ళు వేయించాడు.

"మాట్లాడితే సరుకు పాడవుతుంది మేడమ్," అన్నాడు. "వాగుడు బొగ్గు ఎవరూ కొనట్లేదు. అందుకే నోళ్ళు కట్టించేశాను."

"పనివాళ్ళంతా వీళ్ళేనా?"

"వీళ్ళే."

"ఆ షెడ్డులో?"

"ఖాళీ బస్తాలు."

ఖాళీ బస్తాలకి అంత పెద్ద తాళమెందుకో! కాటా అక్క లేచి, టీ కాచే పొయ్యి దగ్గరికి వెళ్ళి, గుడ్డ విప్పి ముక్కని నిప్పు మీద పెట్టింది. "సరుకు ఎలా కాలుతుందో కూడా చూడాలి మాకు," అంది.

బొగ్గు ఎర్రబడింది. "విన్నారా, చిన్నప్పుడు మా అక్క ఎదురింటి పిల్లిని సంచిలో వేసి కాటాకి తగిలించింది," అని మొదలుపెట్టింది. "ముల్లు గిర్రున తిరిగింది. ఇంతలో సంచి చిరిగిపోయి…"

ముక్క పొడిపొడి అయిపోయింది.

"వాడెప్పుడో పారిపోయాడు మేడమ్," అన్నాడు మేస్త్రీ.

షెడ్డులో ఏ అలికిడీ లేదు. అతనికి కూడా నోరు కట్టేశారో, భయంతో తనే కట్టేసుకున్నాడో. కాటా అక్క షెడ్డు వైపు తిరిగి, గొంతెత్తి తనే కథ అందుకుంది.

"సంచి చిరిగి పిల్లి పారిపోయింది. మా తమ్ముడు దడుచుకుని గుక్కపెట్టి ఏడ్చాడు. అంతే, కథ అయిపోయింది!"

తలుపు వెనకనుంచి తుప్పు పట్టిన గొంతొకటి లేచింది.

"అబద్ధం! ఏడ్చింది నువ్వు! పిల్లి నీ నెత్తి మీదే కదా దూకింది!"

షెడ్డులో ఇంకెవరో ఫక్కున నవ్వారు. ఆ వెనక మరికొందరు. బయట మట్టి ఎత్తుతున్నవాళ్ళు మూతి గుడ్డలు కిందికి లాక్కుని నిలబడ్డారు.

సూపర్‌వైజరు పెన్ను మూత తీశాడు. "తాళం తియ్యి. ఉన్నవాళ్ళందర్నీ పేరుపేరునా రాసుకోవాలి. రేపు పై అధికారులు వచ్చి, ఈ పేర్లవాళ్ళు ఏరని అడుగుతారు."

ఆ పూట బట్టీ ఖాళీ అయింది. పడవలోనూ జీపులోనూ వాగుడుకాయ నోరు మూయలేదు. సూపర్‌వైజరుకి తలనొప్పొచ్చింది, అయినా ఆయన ఊరుకోమనలేదు. కాటా అక్క పక్కనే కూర్చుని అతని చెయ్యి పట్టుకుంది, ఇల్లు చేరేదాకా వదల్లేదు.

మరదలు గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చింది. కళ్ళు తుడుచుకుని, "ఆ పెద్ద ముక్కలో ఏం చెప్పావో నేను వినలేదు," అంది. "మొదట్నుంచి చెప్పు."

ఆదివారం పెందలాడే ఆమె అన్నయ్య వచ్చాడు. గుమ్మంలో చెప్పులు విడుస్తూ చెవి ఒగ్గాడు. లోపలనుంచి పిల్లి కథేదో ధారగా వినిపిస్తోంది.

"ఏంటమ్మాయ్, ఈ బొగ్గు ఇంతలా వాగుతోంది?"

"బొగ్గు కాదన్నయ్యా," అంది ఆమె. "ఇవాళ ఇంకా కుంపటి వెలిగించలేదు."