శారమ్మ చెప్పుకున్న మేలు

జైలు ములాఖత్ గదిలో ఇనుప జాలీకి అవతల కొడుకు వచ్చి నిలబడగానే శారమ్మ దగ్గరికంటా జరిగి చూసింది. విజయ్ పాల్ ఎడమ కన్ను వాచి మూసుకుపోయింది, చేతికి కట్టు ఉంది. చెరుకు నరికే పని ఒకరోజు మానుకొని ఎడపల్లి నుంచి బస్సెక్కి వచ్చింది ఈ ముఖం చూడడానికా!

"ఏమైంది కొడుకా?"

"అవ్వా, నేను జైలరుకు ఖబర్ ఇచ్చిన ముచ్చట ఎవలకన్న చెప్పినవా?"

ఇసుక ట్రాక్టర్ల కొట్లాటలో లోపలికి పోయినవాడు, తన్నులు తప్పించుకోవడానికి అక్కడి ఖైదీ భోజన్న ముఠాలో కలిశాడు. ఆ ముఠా కొత్తగా వచ్చినవాళ్లను పీడిస్తుంటే చూసి చూసి, వాళ్లకు జైల్లోకి సెల్‌ఫోన్లు ఎట్లా వస్తున్నాయో జైలరుకు చెప్పేశాడు. మంచి రిపోర్టు రాసి క్రిస్మస్‌కు ఇంటికి పంపిస్తానని జైలరు మాటిచ్చాడు. ఆ సంగతి వాడు తల్లికొక్కదానికే చెప్పాడు.

తల్లి కడుపులో అంత సంతోషం ఆగుతుందా? మేలు జరిగితే సంఘం ముందు చెప్పుకోవాలి, దాచుకుంటే దక్కదని చిన్నప్పటి నుంచి విన్నదాయె. ఆదివారం చర్చిలో సాక్ష్యాల వేళ లేచి నిలబడింది. "నా కొడుకు పెద్దసారుకు నిజం చెప్పిండు. పండుగకు ఇంటికొస్తడు. ప్రార్థన చెయ్యుండ్రి" అంది. అందరూ స్తోత్రం అన్నారు. సంఘంలోని రజిని కూడా అంది. రజిని మరిది కిరణ్ కుమార్ ఉండేదీ ఆ బారకులోనే, ఆ ముఠాలోనే. పాపం, రజినికి మాత్రం ఏం తెలుసు? మంగళవారం మరిదిని చూడబోయి, ఊరి ముచ్చట్లలో ఇదీ ఒక ముచ్చటగా చెప్పింది.

"దేవునికే చెప్పిన బిడ్డా" అంటూ శారమ్మ జాలీ పట్టుకొని ఏడ్చింది.

"ఏడ్వకవ్వా. నీకేం ఎరుక" అన్నాడు వాడు. తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకు.

తర్వాత జైలరు ఆమెను లోపలికి పిలిపించి ఒక కాగితం ముందుకు జరిపాడు.

"స్నానం కాడ కాలుజారి పడ్డడని రాసినం. ఫిర్యాదు లేదని వేలుముద్ర వెయ్యమ్మా. కేసైతే వాని విడుదల ఆగిపోతది."

"ఈ రాత్రి యాడ పంటడు సారూ?"

"ఆ బారకులనే. ఇంకెక్కడ జాగుంది?"

సిరా అంటబోయిన వేలిని శారమ్మ వెనక్కి తీసుకుంది.

"పడలే సారూ, కొట్టిండ్రు. చర్చిల నిజం చెప్పి నా కొడుకును గిట్ల చేసుకున్న. ఈడ అబద్ధం చెప్పి సంపుకోమంటవా? వాన్ని వేరేకాడికి మార్చు. అప్పటిదాంక నేను లేవ."

జైలరు గడియారం వైపు చూశాడు. బయట జవాను తర్వాతి పేరు పిలిచాడు. శారమ్మ చేతులు రెండూ కొంగులో చుట్టుకొని ఆ నేల మీదే కూర్చుంది.