కుందేలు రొట్టె

సినిమావాళ్లకు సాల్ట్‌జాక్ ఎలా గుర్తొచ్చాడో ఆ దేవుడికే తెలియాలి. అమెరికాలో క్లీవ్‌లండ్ ఊరి పక్క సరస్సు కింద ఉప్పు గనిలో కూలీ. కోపమొస్తే ఒళ్లంతా ఉప్పు పేరుకుని రాయిలా మారిపోతాడు, కష్టంలో ఉన్నవాళ్లను ఆదుకుంటాడు. అంతే కథ. 1976లో తొమ్మిది కామిక్ సంచికలు వచ్చి ఆగిపోయింది. బొమ్మలు వేసిన ఎమిల్ డ్రోబ్నిచ్ దగ్గరే ఆ తొమ్మిదిలో రెండు లేవు. అలాంటి వీరుడి మీద కోట్లు కుమ్మరించి సినిమా తీశారంటే, పేరున్న వీరులందరినీ పిండి పిప్పి చేసేసి, ఇక గతిలేక పెట్టె అడుగున చేయిపెట్టి దొరికినవాణ్ణి లాగి ఉంటారు. లేకపోతే సాల్ట్‌జాకేమిటి, సినిమా ఏమిటి!

వెర్నా కామిక్స్ కొట్టులో ఆ శీతాకాలమంతా ఇదే రచ్చ.

“ఊరూ పేరూ లేనివాణ్ణి ఎవడు చూస్తాడ్రా ఎమిల్?” అనేవాడు గస్. పోస్ట్‌మ్యాన్‌గా రిటైరైనా నాలుగిళ్లు తిరగందే తోచని మనిషి. “పైగా ఉప్పు మనిషి. వానొస్తే కరిగిపోడూ? గొడుగు పట్టుకుని తిరుగుతాడా నీ వీరుడు?”

“నువ్వూరుకో గస్,” అనేది వెర్నా గల్లాపెట్టె వెనక నుంచి. “పేరున్నవాడైతే జనం కొలబద్ద పట్టుకుని మరీ వస్తారు. చెవి ఇలా లేదు, బూటు అలా లేదు అని ఒకటే గోల. వీడి మీద ఎవరికీ ఏ ఆశా లేదు. అదే వీడికి కలిసొస్తుంది చూడు.”

“ఆశే లేనప్పుడు టికెట్టెవడు కొంటాడమ్మా తల్లీ?”

“నేను కొంటా. నీకు కూడా కొంటా, నోరు మూసుకుని కూర్చుంటానంటే.”

ఎమిల్ నవ్వేసేవాడు. అరవై తొమ్మిదేళ్ల వయసు, పెళ్లి చేసుకోలేదు, ఇంట్లో రేడియో తప్ప వేరే గొంతు లేదు. సినిమా ఆడితే ఏమిటి, పోతే ఏమిటి? అతని ప్రాణమంతా ఒక్క పేజీ మీద ఉంది. నాలుగో సంచికలో చివరి పేజీ.

ఆ పేజీలో మాటలు లేవు. ఆరు బొమ్మలు. సాల్ట్‌జాక్ పని ముగించుకుని వంటింటి గుమ్మంలోకి వస్తాడు. బల్ల దగ్గర పిల్లాడు ఎదురుచూస్తుంటాడు. జాక్ చేతులు వెనక దాచుకుంటాడు. ఎడం చెయ్యి చూపిస్తాడు, ఖాళీ. కుడి చెయ్యి చూపిస్తాడు, అదీ ఖాళీ. పిల్లాడి ముఖం వాడిపోతుంది. అప్పుడు టోపీ తీస్తాడు. టోపీలో, కాగితం చుట్టిన సగం రొట్టె.

“గుద్దులాటలు లేని పేజీ ఎవడిక్కావాలయ్యా?” అని అప్పట్లో ఎడిటర్ గుడ్లురిమాడు. అచ్చుకు టైం మించిపోతోందని అలాగే వదిలేశాడు.

అది ఎమిల్ వాళ్ల వంటిల్లు. ఆ టోపీ అన్న ఫ్రాంకోది. ఎమిల్ కంటే పన్నెండేళ్లు పెద్దవాడు, ఉప్పు గనిలో పని. మధ్యాహ్నం తినే రొట్టెలో రోజూ సగం మిగిల్చి తెచ్చేవాడు. స్లోవీనియా నుంచి వచ్చినవాళ్ల ఇళ్లలో అదో ఆనవాయితీ. పనికి వెళ్లినవాళ్లు తినగా మిగిలిన రొట్టె ముక్క ఇంటికి తెచ్చి, దారిలో కుందేలు కనిపించి నీకిమ్మని పంపిందని పిల్లలకిస్తారు. ఎండిపోయి, టిన్ను డబ్బా వాసన వేసే ఆ ముక్క ముందు అమ్మ చేసిన వాల్‌నట్ రొట్టె కూడా దిగదుడుపే. ఆ రుచి ఎందుకొస్తుందో ఎమిల్‌కి ఇప్పటికీ తెలియదు. ఫ్రాంకో తన ఇరవై ఆరో ఏట నిమోనియా వచ్చి నాలుగు రోజుల్లో పోయాడు. ఫోటోలు బేస్‌మెంట్లో నీళ్లొచ్చినప్పుడు పోయాయి. అమ్మా నాన్నా పోయారు. తనకూ ఇరవై ఆరేళ్లు వచ్చిన ఏడు ఎమిల్ కూర్చుని, ఎవరికీ చెప్పకుండా, సాల్ట్‌జాక్‌కి ఫ్రాంకో ముఖం పెట్టాడు.

ఈ సంగతి వెర్నాకీ తెలియదు, గస్‌కీ తెలియదు. చెబితే ఏమంటారు? అయ్యో పాపం అని ఒక నిమిషం తల వంచి, మాట మార్చేస్తారు. దానికంటే చెప్పకపోవడమే నయం అనుకున్నాడు. అలా అనుకుంటూనే యాభై అయిదేళ్లు గడిచిపోయాయి. ఇప్పుడు ఫ్రాంకో అనే మనిషి ఒకడుండేవాడని తెలిసిన ప్రాణి భూమ్మీద తనొక్కడే. తనూ పోతే వాడు పూర్తిగా పోయినట్టే. ఆ బెంగే అతన్ని తినేస్తోంది.

అందుకే సినిమా కంపెనీ నుంచి క్లేర్ అనే అమ్మాయి ఫోన్ చేసి, మర్యాదకి, “మీకేమైనా కోరిక ఉందా ఎమిల్?” అని అడిగితే గబుక్కున చెప్పేశాడు.

“నాలుగో సంచిక, ఆఖరి పేజీ. అదెక్కడో ఒకచోట పెట్టండమ్మా. చాలు.”

“అందులో ఏముంది?”

“ఏముందా? చూస్తే మీకే తెలుస్తుంది.”

“డైరెక్టర్‌తో తప్పకుండా చెప్తాను,” అంది క్లేర్. సినిమావాళ్ల ‘తప్పకుండా’ సంగతి లోకానికంతా తెలుసు గానీ, ఎమిల్ మాత్రం గట్టిగా నమ్మాడు.

ఫిబ్రవరిలో ఒక శుక్రవారం సినిమా విడుదలైంది. ఎమిల్ పెళ్లికి వెళ్తున్నట్టు టై కట్టుకుని మొదటి ఆటకి వెళ్లాడు. రెండు గంటల పాటు తెర మీద వంతెనలు కూలాయి, ఓడలు పేలాయి, సరస్సు మధ్య నుంచి ఉప్పు కొండ లేచింది. రొట్టె మాత్రం రాలేదు. పేర్లు పడటం మొదలయ్యేసరికి అతను ఇక ఆశ వదులుకున్నాడు. లేచి నిలబడ్డాడు. వరసలో ఉన్న కుర్రకారు ఒక్కరూ కదల్లేదు. ఫోన్లు చూసుకుంటూ తాపీగా కూర్చున్నారు. వీళ్లకి కొంపాగోడూ లేవా అని విసుక్కుంటూ, అందరి మోకాళ్లూ తన్నుకుంటూ, బయటపడ్డాడు.

ఇంటికొచ్చి నాలుగో సంచికను సొరుగులో పెట్టి మూసేశాడు. తప్పు సినిమావాళ్లది కాదు, తనదే. బుద్ధున్నవాడెవడైనా అలాంటి ఆశ పెట్టుకుంటాడా? ఏడవాలనిపించింది గానీ, ఒక్కడే కూర్చుని ఏడిస్తే మధ్యలో లేచి టీ కూడా తనే పెట్టుకోవాలి. ఆ ఆలోచనకే ఏడుపు ఆగిపోయింది.

రెండు వారాలకు పైగా కొట్టు వైపు వెళ్లలేదు. ఈలోగా సినిమా చతికిలపడింది. పత్రికలవాళ్లు ఉప్పు మీద వేయగలిగిన జోకులన్నీ వేశారు. గస్ ఫోన్ చేసి, “నే చెప్పలా?” అని మొదలుపెట్టి, అంతలోనే నాలిక్కరుచుకుని, “సరేలే, శుక్రవారం చర్చిలో చేపల వేపుడు ఉంది, రా,” అని పెట్టేశాడు. ఎమిల్ వెళ్లలేదు.

మూడో గురువారం, పాలు కొనడానికని బయల్దేరినవాడు కాళ్లు లాగితే కొట్టులోకి వెళ్లాడు. వెర్నా అతన్ని చూసి పుస్తకాల కట్ట కింద పడేసింది.

“వచ్చారా పెద్దాయనా! ఎన్నిసార్లు ఫోన్ చేశాను, ఎత్తరేం? ఆ రొట్టె చూసి ఏడ్చేశాను తెలుసా? నాలుగో సంచిక అని ఒక్క క్షణంలో గుర్తుపట్టా.”

“ఏ రొట్టె?”

“ఏ రొట్టేమిటి? ఆఖర్లో, ఆ తండ్రి కొడుక్కి తెచ్చే రొట్టె. పేర్లన్నీ అయిపోయాక.”

“పేర్లయ్యాక ఏముంటుంది?”

వెర్నా రెండు చేతులూ నడుం మీద పెట్టుకుంది. “ఎమిల్! జన్మంతా కామిక్స్ గీశారు. ఈ సినిమాల్లో పేర్లయ్యాక ఇంకో ముక్క వేస్తారని, జనం దానికోసమే కదలకుండా కూర్చుంటారని పాలు తాగే పిల్లాడికి కూడా తెలుసు. మధ్యలో లేచొచ్చేశారా?”

ఎమిల్‌కి మోకాళ్లు గుర్తొచ్చాయి. తను తన్నుకుంటూ వచ్చిన మోకాళ్లన్నీ.

ఆ వెనకే ‘తండ్రి’ అన్న మాట గుచ్చుకుంది. తండ్రి ఎక్కణ్ణుంచి వచ్చాడు? “ఎక్కడ ఆడుతోంది?” అని మాత్రం అడిగాడు.

దాదాపు ఎక్కడా ఆడటం లేదు. ఊరికి ఆ చివర, పడమట పక్క మాల్లో ఒక్క హాలు. ఇవాళే ఆఖరు, రేపు కొత్త సినిమా. ఒంటిగంటన్నర ఆట ఒక్కటే మిగిలింది. అప్పటికే పన్నెండు దాటింది.

“ఫోన్లో ఎవడైనా పెట్టాడేమో వెతుకుతానుండండి,” అంది వెర్నా.

“వద్దమ్మా. ఇంత అద్దం ముక్కలోనా? వాణ్ణి... దాన్ని పెద్ద తెర మీదే చూడాలి.”

కొట్టు వదిలి రాలేనని వెర్నా నొచ్చుకుంది. ఎమిల్ అప్పటికే తలుపు తీశాడు.

రెండు బస్సులు మారాలి. మొదటిది మంచులో నత్తనడక నడిచింది. రెండోది ఎంతకీ రాలేదు. సరస్సు గాలి ఎముకలు కొరుకుతుంటే స్టాపులో నిలబడి, ఆ రోజు ఇంకొక్క పావుగంట కూర్చుని ఉంటే ఏం పోయేదిరా వెధవా అని తనను తానే తిట్టుకున్నాడు. మాల్‌కి చేరేసరికి మూడయింది.

టికెట్ల పిల్ల అతన్ని ఎగాదిగా చూసింది. “సినిమా అయిపోవచ్చింది సార్. ఇప్పుడెందుకు?”

“అయిపోయేదాని కోసమే వచ్చా.”

“లోపల ఎవరూ లేరు. ఉన్న జంట కూడా ఇందాకే వెళ్లిపోయింది.”

“మంచిది. టికెట్టియ్యి.”

నూట యాభై సీట్ల మధ్య ఒక్కడే కూర్చున్నాడు. తెర మీద ఎవరూ చూడకుండానే ఉప్పు కొండ లేచింది, కూలింది. పేర్లు మొదలయ్యాయి. ఎన్ని పేర్లు! వంట చేసినవాళ్లు, కార్లు తోలినవాళ్లు, కుక్కల్ని చూసుకున్నవాళ్లు. కృతజ్ఞతల కింద చీమ తలకాయంత అక్షరాల్లో తన పేరు కూడా పైకి పోయింది. ఎమిల్ దాన్ని పట్టించుకోలేదు. వెనక తలుపు దగ్గర ఎవరో వచ్చి నిలబడ్డ చప్పుడైంది. అతను తల తిప్పలేదు.

తెర నల్లబడింది. తర్వాత వంటిల్లు.

ఎమిల్ వాళ్ల వంటిల్లు అంత శుభ్రంగా ఎప్పుడూ లేదు. నటుడికి పళ్లు మరీ తెల్లగా ఉన్నాయి. ఫ్రాంకో ముఖం అసలే కాదు. కానీ చేతులు వెనక్కి వెళ్లాయి. ఎడం చెయ్యి, ఖాళీ. కుడి చెయ్యి, ఖాళీ. పిల్లాడి ముఖం వాడిపోయేదాకా వాడు ఆగాడు, ఫ్రాంకో ఎంతసేపు ఆగేవాడో సరిగ్గా అంతసేపూ ఆగాడు. టోపీ తీశాడు.

లైట్లు వెలిగాయి. ఎమిల్ లేవలేకపోయాడు. కళ్లద్దాలు తీసి కోటుకి తుడుచుకుంటున్నాడు, తుడిచిందే తుడుస్తున్నాడు.

చీపురూ చెత్తడబ్బా పట్టుకుని ఒకామె మెట్లు దిగి వచ్చింది. నలభై దాటిన మనిషి, చొక్కా మీద మిగ్డాలియా అని పేరు కుట్టి ఉంది.

“కూర్చోండి సార్, తొందరేం లేదు. ఇది చూస్తే నాకూ రోజూ ఇలాగే అవుతుంది.”

“రోజూ చూస్తారా సినిమా?”

“సినిమా ఎవడు చూశాడు! ఈ ముక్క ఒక్కటే. పేర్లు పడేటప్పుడొచ్చి తలుపు దగ్గర నిలబడాలి, లైట్లు వెలిగేదాకా ఊడవకూడదు. అదిక్కడ పద్ధతి. జనం ఉన్నా లేకపోయినా నేనుంటాగా. యాభై సార్లు చూసుంటాను. ఎప్పుడు చూసినా, ఆ అన్న భలేవాడు అనిపిస్తుంది.”

ఎమిల్ చేతిలో కళ్లద్దాలు ఆగిపోయాయి. “అన్నా?”

“అన్న కాక?”

“అందరూ తండ్రి అంటున్నారు.”

“ఎవరండీ ఆ అందరూ? వాళ్లకి అన్నదమ్ములు లేరేమో!” మిగ్డాలియా చీపురు ఊపింది. “తండ్రైతే అలిసిపోయి వస్తాడు, చేతిలో పెట్టేసి కుర్చీలో కూలబడతాడు. అంతసేపు ఏడిపించే ఓపిక ఏ తండ్రికుంటుంది? అది అన్న బుద్ధి. మా ఎఫ్రాయిన్ అచ్చం ఇంతే. నన్ను ఏడిపించందే ఏదీ ఇచ్చేవాడు కాదు, దొంగసచ్చినోడు.”

వాడెవడో ఈమెకి తెలుసు. తనకు తప్ప ఎవరికీ తెలియదనుకున్నవాణ్ణి, ఊరి ఈ చివర ఒకామె యాభై సార్లు చూసి, ముఖం మారినా, పేరు తెలియకపోయినా గుర్తుపట్టేసింది.

“కానీ సార్, ఒక్కటే అర్థం కాలేదు నాకు,” అంది ఆమె. “సగం కొరికిన రొట్టె. అదీ ఎండిపోయింది. దానికోసం పిల్లాడు అలా ప్రాణం పెట్టుకుని కూర్చుంటాడేంటి?”

“అది కుందేలు పంపింది,” అన్నాడు ఎమిల్.

“కుందేలేంటి?”

“వాడు రోజూ అలాగే చెప్పేవాడు. దారిలో కుందేలు కనపడింది, నీకిమ్మంది అని. నేను నమ్మేవాణ్ణి. పన్నెండేళ్లొచ్చినా నమ్మినట్టే ఉండేవాణ్ణి, మానేస్తాడేమోనని.” కళ్లద్దాలు పెట్టుకున్నాడు. “వాడి పేరు ఫ్రాంకో. మా అన్నయ్య.”

ఆ పేరు పైకి అనగా తన గొంతు తను విని ఎన్నేళ్లయిందో. ఖాళీ హాల్లో అది పెద్దగా వినిపించింది.

మిగ్డాలియా ఒకసారి వాచీ చూసుకుంది. చీపురు ముందు సీటుకి ఆనించి, అతని పక్కన ఒక సీటు వదిలి కూర్చుంది.

“పక్క హాలు వదలడానికి ఇంకో పది నిమిషాలుంది,” అంది. “చెప్పండి. ఎలా ఉండేవాడు ఫ్రాంకో?”