సుద్ద మీద చుక్క

రెండో వరద వచ్చి, షెడ్డు గోడ మీద నడుమెత్తున బురద గీత గీసి పోయిన ఏడాది అది. మొదటి వరద చీలమండలదాకా వచ్చి, మర్యాదగా తిరిగి వెళ్ళిపోయింది. రెండోది అలా కాదు. మూడు రోజులు ఇంటల్లుడిలా తిష్ట వేసింది. నీళ్ళలో నానిన పాత వెల్డింగ్ మిషన్లు ఎంత ఆరబెట్టినా మళ్ళీ నోరెత్తలేదు. వాటితోపాటే గేట్ల పనీ, కిటికీ ఊచల పనీ పోయాయి. షెడ్డు నడిపే బావమరిది, నిప్పు చుట్టూ గాలి తగలకుండా గ్యాసు ఊదుతూ అతికే రెండు టిగ్ మిషన్లు తెచ్చిపెట్టి, "బావా, ఇక ఇనుము జోలికి పోం. సన్న స్టీలు రేకు పని మాత్రమే" అన్నాడు.

బావ ఆ మాట విని ఊరుకున్నాడు. ఊరుకోవడం అతనికి కొత్త కాదు. అందరూ అతన్ని మూగమేస్త్రి అనేవారు. నలభై ఏళ్ళు ఇనుము అతికాడు. ఏదైనా చెప్పాల్సి వస్తే అతుకుతోనే చెప్పేవాడు. అతను అతికిన గేటు విరిగిందని ఒక్క మనిషి తిరిగి రాలేదు. కుడి చెవి గ్రైండరు తినేసింది, ఎడమ చెవిలో సగం సుత్తి తినేసింది. మాట్లాడేవాళ్ళు దగ్గరికొచ్చి అరవాలి. అందుకే ఎవరూ పెద్దగా మాట్లాడేవారూ కాదు.

రెండో టిగ్ మిషన్ మీద పని చేసేది ఒక అమ్మాయి. ముప్పై ఏళ్ళుంటాయి, ఇద్దరు పిల్లల తల్లి. టిగ్ పని ఎక్కడో ఆర్నెల్లు నేర్చుకుని వచ్చింది. ఆమె అతుకు చీమలబారులా సన్నగా, వంకర లేకుండా నడుస్తుంది. అందుకని ఆమెకు చీమ అని పేరు పడింది. మేస్త్రిని పెదనాన్నా అని పిలిచేది.

ఆ ఏడు ఒక ఆసుపత్రికి పన్నెండు తొట్లు చెయ్యాల్సి వచ్చింది. పనిముట్లు ఉడకబెట్టుకునే తొట్లు. మిల్లీమీటరు మందం కూడా లేని రేకు. వేడి ఎక్కువైతే అప్పడంలా వంకర పోతుంది. అందుకని వేలెడంత అతికి ఆపాలి, చల్లారనివ్వాలి, మళ్ళీ వేలెడంత. ఒక్కో తొట్టికి నలభైసార్లు ఆపాలి, నలభైసార్లు మొదలుపెట్టాలి. అంతా అయ్యాక అతుకు బయటివైపు తడి సుద్ద పూసి ఆరనిస్తారు. లోపలివైపు కిరోసిన్ రాస్తారు. అతుకులో సూదిమొనంత బెజ్జం ఉన్నా కిరోసిన్ పాకి వచ్చి, తెల్లటి సుద్ద మీద చుక్కలా కనబడుతుంది.

చీమ చేసిన ఆరు తొట్లలో ఒక్క చుక్క లేదు. మేస్త్రి చేసిన అయిదు తొట్లూ ఆకాశంలా చుక్కలు పొడిచాయి.

బావమరిది తొట్టి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. అతని దగ్గర సలహాలకు కరువుండదు.

"ఫ్యాను గాలి బావా. గ్యాసును ఎగరగొట్టేస్తోంది."

ఫ్యాను ఆపారు. చెమటలు కారాయి, చుక్కలు పోలేదు. బావమరిది మేస్త్రి బల్ల చుట్టూ కాన్వాసు పరదా కట్టించాడు. చుక్కలు పోలేదు. గ్యాసు చాలడం లేదన్నాడు. గ్యాసు ఎంత వస్తోందో చూపే గాజు గొట్టంలో తేలే గోలీని ఇంకా పైకి లేపారు. చుక్కలు ఇంకాస్త పెరిగాయి. అతికే తీగ మార్చారు. రేకు మార్చారు. మేస్త్రికి కొత్త కళ్ళద్దాలు కొన్నారు. చివరికి మిషన్‌లోనే ఏదో ఉందని, ఒక రోజంతా చీమ మిషన్ అతనికీ, అతని మిషన్ చీమకూ ఇచ్చారు. చీమ అతికింది కారలేదు. మేస్త్రి అతికింది కారింది.

"మిషన్‌కి దెయ్యం పట్టిందనుకున్నా బావా. అది నీకు పట్టినట్టుంది" అన్నాడు బావమరిది.

మేస్త్రికి పాలుపోలేదు. ఇంకా జాగ్రత్తగా చెయ్యాలనుకుని, వేలెడు బదులు అరవేలెడు అతికి ఆపడం మొదలుపెట్టాడు. చుక్కలు రెట్టింపయ్యాయి. జాగ్రత్త పెరిగిన కొద్దీ బెజ్జాలు పెరిగే పని అతను నలభై ఏళ్ళలో చూడలేదు. ముసుగెత్తి చూస్తే అతుకు మొదలూ మధ్యా బంగారు రంగులో నిగనిగలాడేవి. ఆపిన చోట మాత్రం బూడిద పూసినట్టు నల్లబడేది. చేత పట్టే టార్చిలో నిప్పు పుట్టించే టంగ్‌స్టన్ సూది కూడా అంతే. చీమ పొద్దున ఒకసారి సూది మొన సానపెడితే సాయంత్రందాకా వచ్చేది. అతనిది గంటకోసారి నీలంగా మాడిపోయేది. ఈ రెంటికీ ఏదో సంబంధం ఉందని లోపల తడుతోంది. అదేమిటో అంతుపట్టడం లేదు. చీమను అడగొచ్చు. నోరు రాలేదు. పైగా పరదా కట్టాక అతను ఏం చేస్తున్నాడో ఆమెకూ కనబడదు, ఆమె ఏం చేస్తోందో అతనికీ కనబడదు.

ఒక రోజు పొద్దున బావమరిది పరదా ఎత్తి లోపలికొచ్చాడు. 

"బావా, పన్నెండో తొట్టి ఇవాళే అయిపోవాలి. ఆసుపత్రివాళ్ళు ఎల్లుండి బండి పంపుతున్నారు. ఇది కూడా కారిందనుకో..."

"ఊఁ."

"ఊఁ కాదు. మిగతావన్నీ ఆ అమ్మాయి చేత మళ్ళీ అతికిస్తా. నువ్వు మెరుగు బల్ల దగ్గర కూర్చో. ఆ పనీ గౌరవమైనదే."

మెరుగు బల్లంటే ఇంకొకరు అతికిన అతుకును గుడ్డ చక్రంతో తుడిచి తళతళలాడించడం. మేస్త్రి తల ఊపాడు. బావమరిది వెళ్ళాక, తీగ చేత్తో పట్టుకుని కళ్ళకెదురుగా చాపి చూశాడు. చెయ్యి వణకడం లేదు. కళ్ళు బాగానే ఉన్నాయి. మరి ఎక్కడుంది తప్పు? దేన్ని దిద్దుకోవాలో తెలిస్తే కదా దిద్దుకోవడానికి!

మధ్యాహ్నం అతని భార్య అన్నం క్యారేజీ తెచ్చింది. రోజూ అతను పొద్దున్నే తీసుకెళ్ళేవాడు, ఆ రోజు మరిచిపోయి వచ్చాడు. ఆమె షెడ్డులోకి రావడం వరద బురద ఎత్తిపోసిన నాటి తర్వాత అదే మొదలు.

"ఎక్కడ మీ పెదనాన్న?" అంది చీమతో.

"పరదాలో ఉన్నారు పెద్దమ్మా, కొత్త పెళ్ళికూతురిలా. కాసేపు కూర్చోండి. గోడవైపు తిరిగి కూర్చోండి, వెలుగు చూస్తే రాత్రికి కళ్ళు మండుతాయి."

ఆమె పరదా పక్కన స్టూలు మీద గోడవైపు తిరిగి కూర్చుంది. ముందర బురద గీత తప్ప చూడ్డానికేమీ లేదు. అందుకని వింటూ కూర్చుంది. ఇటు చీమ, అటు మొగుడు.

భోజనానికి మేస్త్రి బయటికొచ్చాడు. నాలుగు ముద్దలు తిని లేవబోయాడు.

"ఉండవయ్యా! విస్తరి ముందు కూడా కుదురుండదా?" అని అతని ఎడమ చెవి దగ్గరికి వంగి గట్టిగా అడిగింది. "నిప్పు ఆరాక స్స్‌స్ అంటుందే, అదేం చప్పుడు?"

"ఏ చప్పుడు?"

"అదేనయ్యా. వెలుగు పోతుంది. తర్వాత పాము బుసకొట్టినట్టు కాసేపు."

"అలాంటిదేం లేదు."

"లేకపోవడమేంటి? గోడకేసి చూస్తూ అదే కదా విన్నాను! ఆ అమ్మాయి దగ్గర ఉన్నచోటే బుసకొట్టి, ఉన్నచోటే ఆగుతుంది. నీ దగ్గర నిప్పు ఆరగానే పైకి లేచి, గాల్లో తిరిగి, ఎక్కడో ఆగుతుంది. పామును కర్రకు చుట్టి తిప్పుతున్నావేమో అనుకున్నా."

 మేస్త్రికి ఏమీ అర్థం కాలేదు. లేచాడు. చెయ్యి కడుక్కుని పరదాలోకి వెళ్ళి, పనికిరాని రేకుముక్క మీద వేలెడు అతికాడు. నిప్పు ఆపడానికి పెడల్ మీది కాలు మెల్లగా లేపాడు. నిప్పు కొండెక్కింది. ముసుగు పైకి లేపాడు. టార్చి పట్టిన చెయ్యి చూస్తే, అప్పటికే రేకుకు జానెడు ఎత్తున ఉంది. అది ఎప్పుడు లేచిందో అతనికి తెలియదు. లేపమని అతను చెప్పలేదు.

రెండో చేతి తొడుగు తీసి, మళ్ళీ ఒక చుక్క అతికి ఆపగానే ముంజేతిని టార్చికి కాస్త ఎడంగా పెట్టాడు. చల్లగా తగిలింది. ఒకటి, రెండు, మూడు... ఆరుదాకా తగిలి ఆగిపోయింది.

నిప్పు ఆరాక కూడా గ్యాసు వస్తుంది! ఇన్నాళ్ళూ వస్తూనే ఉంది. అతను ఊరికే గాల్లోకి వదిలేస్తున్నాడు.

పాత పనిలో కడ్డీ అయిపోగానే చెయ్యి తియ్యడమే పద్ధతి. నిప్పు ఆరింది, చెయ్యి లేచింది, ముసుగు లేచింది, అతుకు మీద పేరుకున్న చిట్టెం సుత్తితో కొట్టడమే తరువాయి. నలభై ఏళ్ళు రోజుకు రెండు మూడు వందలసార్లు అదే. కొత్త పనిలో మొదటి వారం సుత్తి కూడా తీసి, స్టీలు రేకు మీద ఠంగున కొట్టి సొట్టపెట్టాడు. అప్పుడందరూ నవ్వారు. సుత్తి మానుకున్నాడు. చెయ్యి మాత్రం మానలేదు, ఎందుకంటే చెయ్యిని ఎవరూ చూడలేదు.

పరదా తోసుకుని చీమ దగ్గరికి వెళ్ళాడు. ఆమె ముసుగెత్తింది.

"అమ్మాయ్, నిప్పు ఆరాక చెయ్యి తియ్యవా?"

చీమ బిత్తరపోయింది. పెదనాన్న తనంతట తాను అడిగిన మొదటి మాట అది.

"తియ్యను పెదనాన్నా. ఎర్రదనం పోయేదాకా గ్యాసు కిందే ఉంచాలి కదా! లేకపోతే వేడి రేకును గాలి తినేస్తుంది, అక్కడే పగులుతుంది. సూది కూడా మాడుతుంది." ఆగింది. "మీకు తెలియదా? ఇంత పెద్ద మేస్త్రికి నేను చెప్పడమేంటని..."

మేస్త్రి తల గోక్కున్నాడు. కోపం రావాలో నవ్వు రావాలో తెలియలేదు. చీమ అతని మిషన్ దగ్గరికి వచ్చి గాజు గొట్టంలో గోలీని కిందికి దించింది. "ఇంత గ్యాసు వద్దు. ఎక్కువైతే సుడి తిరిగి, అదే గాలిని లోపలికి లాగుతుంది" అంది.

తెలిసిపోయింది కదా, ఇక చేసేయడమే అనుకున్నాడు. రేకుముక్క మీద మొదలుపెట్టాడు. నిప్పు ఆరింది, చెయ్యి లేచింది. ఈసారి పళ్ళు బిగపట్టాడు. నిప్పు ఆరింది, చెయ్యి లేచింది. తెలిసీ లేస్తోంది. తన చెయ్యి తన మాట వినకపోవడం అతనికి బొత్తిగా అయోమయంగా ఉంది. పది ముక్కలు పాడుచేశాడు. నాలుగైంది. తొట్టి ఇంకా మొదలే పెట్టలేదు.

ఖాళీ క్యారేజీ పట్టుకుని భార్య ఇంకా నిలబడే ఉంది. దాన్ని కింద పెట్టి అతని వెనక్కి వచ్చింది.

"నీకు వినబడదు, నాకు కనబడదు. ఇలా చేద్దాం. ఆ బుస మొదలవగానే నీ వీపు మీద చెయ్యి వేస్తా. ఆగగానే తీస్తా. నేను తీసేదాకా నువ్వు తియ్యకు."

ఆమె గోడవైపు మొహం తిప్పుకుని, చెయ్యి మాత్రం వెనక్కి చాపి నిలబడింది. మేస్త్రి తొట్టి అంచు మీద మొదటి వేలెడు అతికాడు. నిప్పు ఆరింది. వీపు మీద చెయ్యి పడింది. అతని చెయ్యి లేవబోయి ఆగింది. ఎర్రటి చుక్క నారింజ రంగుకు తిరిగి, మెల్లగా చల్లబడింది. వీపు మీద చెయ్యి లేచింది. అప్పుడు అతను టార్చి తీసి చూశాడు. మొదలూ చివరా ఒకటే బంగారు రంగు.

బావమరిది పరదా ఎత్తి చూసి అక్కడే ఆగిపోయాడు.

"ఏంటక్కా ఇది! పెళ్ళినాడు పట్టుకున్న చెయ్యి చాల్లేదా, షెడ్డులో కూడానా?"

"పోరా అవతలికి. లెక్క తప్పుతుంది."

పదిహేనోసారికి ఆమె చెయ్యి కాస్త ఆలస్యంగా పడింది. అతని చెయ్యి అప్పటికే ఆగి ఉంది. ఇరవయ్యోసారికి ఆమె చెయ్యి వెయ్యడం మానేసి, ఊరికే నిలబడి వింది. ఏమీ అనలేదు. అతను లోపలే ఒకటి నుంచి ఆరుదాకా లెక్కపెట్టుకుంటున్నాడు. మూడో తరగతిదాకా చదివిన లెక్క అక్కరకొచ్చింది.

చీకటి పడకముందే తొట్టి పూర్తయింది. సుద్ద పూసి ఆరనిచ్చారు. లోపల కిరోసిన్ రాశారు. నలుగురూ చుట్టూ నిలబడ్డారు. అరగంట గడిచింది. సుద్ద తెల్లగానే ఉంది. బావమరిది కళ్ళద్దాలు తుడుచుకుని నాలుగు మూలలా వంగి వంగి చూశాడు. ఒక మూల చిన్న మచ్చ కనబడితే అందరూ అక్కడికే వంగారు. చీమ వేలితో తుడిచింది. అది సుద్దలోని మట్టి.

బావమరిది మేస్త్రి భుజం చరిచాడు. "చూశావా బావా! నేను చెప్పలే? పరదా పనిచేసింది!"

చీమ మొహం తిప్పుకుని నవ్వింది.   మెరుగు బల్ల మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. కారిన అయిదు తొట్లూ తనే దిద్దుతానని మేస్త్రి చేత్తో చూపించాడు. బావమరిది సరేనన్నాడు.

మర్నాడు పొద్దున అతను అందరికంటే ముందొచ్చాడు. బల్ల ఎక్కి పరదా తాళ్ళు ఒక్కొక్కటీ విప్పాడు. అప్పుడే వచ్చిన బావమరిది గుమ్మంలోనే గుండె పట్టుకున్నాడు.

"అయ్యో బావా! అది తీసేస్తే మళ్ళీ కారదూ?"

మేస్త్రి కాన్వాసును నాలుగు మడతలు పెట్టి, గోడ దగ్గరున్న స్టూలు మీద మెత్తగా పరిచాడు. అరచేత్తో నొక్కి చూశాడు.

"మీ అక్కకు" అన్నాడు. "మధ్యాహ్నం వస్తుంది."

బావమరిది ఒకసారి స్టూలునూ, ఒకసారి బురద గీతనూ చూస్తూ అక్కడే నిలబడిపోయాడు. మేస్త్రి ముసుగు కిందికి దించుకున్నాడు.