యర్రమ్మ కూర్చున్న ఫొటో

పొద్దున్నే పొయ్యి అంటించి, గెడ్డకెళ్లి నీళ్లు తెచ్చి, పేడ తీసి, చోడి అంబలి కాచి మొగుడి ముందు పెట్టాక, యర్రమ్మ పార పట్టుకుని వాకిట్లో తన అడుగుల గుంటలు పూడుస్తుంది. రోజూ ఉండే పనే. ఆమె నడిచిన చోటల్లా నేల చీలమండ లోతున దిగిపోతుంది. పూడ్చకపోతే కోడిపిల్లలు అందులో పడి, పైకి రాలేక అరుస్తాయి. అప్పుడు వాటిని తీసే పని కూడా ఆమెదే.

ఫొటో తీసే వేళకి మనిషి ఎలా ఉంటే అది వంట్లో ఉండిపోతుందని తోటగూడలో అందరికీ తెలుసు. వానలో తడిస్తే జలుబు చేస్తుందని తెలిసినట్టే తెలుసు. బరువు మోస్తుండగా తీస్తే బరువు ఉండిపోతుంది. చిన్న కెమెరా అయితే పుల్లంత, పెద్ద కెమెరా అయితే దుంగంత. అరకు చూడ్డానికొచ్చే జనం ఘాట్‌రోడ్డు పక్కన కట్టెల మోపుతో ఆడమనిషి కనబడితే కారు ఆపకుండా ఉండలేరు. దిగి, 'సూపర్' అని, నాలుగు ఫొటోలు తీసుకుని ఎక్కి వెళ్లిపోతారు. మోపుకి ఓ చెయ్యి వేసినవాళ్లు మాత్రం ఇంతవరకూ లేరు. ఇంటికొచ్చి మోపు దించాక కూడా మెడ మీద మోపు ఉన్నట్టే ఉంటే, 'ఇయ్యాల ఫొటోలు జాస్తీ అయిపోనాయి' అనుకుని ఆడవాళ్లు ఒకరి మెడకొకరు ఆముదం రాసుకుంటారు.

యర్రమ్మది ఆముదంతో పోయే బరువు కాదు. కొన్నేళ్ల కిందట పొడుగు లెన్సున్న ఒకాయన, ఆమె మోపుతో కొండెక్కుతుండగా ఒక ఫొటో తీశాడు. అది కేలండర్‌కెక్కింది. ఎన్ని గోడలకి ఆ కేలండర్ వేలాడిందో అన్ని మోపులూ వచ్చి ఆమె మెడ మీద చేరాయి. ఏడాది తిరిగితే తగ్గుతుందనుకున్నారు. కానీ జనం పాత కేలండర్లు పారేయరు కదా, అలమారాల్లో పరుస్తారు, పిల్లల పుస్తకాలకి అట్టలేస్తారు. యర్రమ్మ నడుము దగ్గర్నుంచి వంగిపోయింది. ఎవరి మొహమైనా చూడాలంటే తల పక్కకి తిప్పి చూస్తుంది. నులకమంచాలు రెండు తెగాక నేల మీదే పడుకుంటోంది. బస్సెక్కితే కండక్టరు లగేజీ టికెట్టు కొడతాడు.

"లగేజీ ఏది బాబూ, కాళీ సేతులే గదా" అంటుంది ఆమె.

"టైర్లకి తెలుస్తాదమ్మా" అంటాడతను. అతన్ని అనడానికీ లేదు.

మొగుడు గాసి సంగతి వేరు. అరుగు మీద మోకాళ్లు దగ్గరికి పెట్టుకుని చుట్ట కాల్చుకునే ముసలాయనంటే టూరిస్టులకి ఎంత ఇష్టమో! తలపాగా, ముడతలు, పొగ. ఎవరు తీసినా, ఎప్పుడు తీసినా గాసి కూర్చునే ఉంటాడు. ఏళ్ల తరబడి కూర్చున్న ఫొటోలు పడీ పడీ దూదిలా తేలికైపోయాడు. గాలి వీచే రోజున పంచె కొంగున రాయి కట్టుకుంటాడు. మరిచిపోతే పనసకొమ్మల్లోంచి పెళ్లాన్ని కేకేస్తాడు. ఆవిడ చేస్తున్న పని ఆపి, దోటీ తెచ్చి దించుతుంది.

కాబట్టి యర్రమ్మకి కావలసిందేమిటో ఇంట్లో అందరికీ తెలుసు. కూర్చున్న ఫొటో ఒకటి పడాలి. ఆ సదుపాయం కూడా దగ్గరే ఉంది. కూతురు సరళ అరకులో లక్ష్మీప్రసాద్ స్టూడియోలో పనిచేస్తుంది. ఊడవడం, పాస్‌పోర్టు ఫొటోలు కత్తిరించడం, ఆయన భోజనానికెళ్తే ఫొటోలు తీయడం. మూడో పని గురించి ఆయన ఎవరికీ చెప్పడు. సరళ ఒకసారి తల్లిని స్టూడియోకి తీసుకెళ్లి స్టూలు మీద కూర్చోబెట్టింది. యర్రమ్మ స్టూలంచున, ఎవరో లెమ్మంటారేమోనన్నట్టు, మడమలు నేలకి ఆన్చకుండా కూర్చుంది. ఫొటో చక్కగా వచ్చింది. కానీ ఇంటికొచ్చి చూసుకుంటే బరువు తగ్గలేదు సరికదా, స్టూలు బరువు కూడా తోడైంది. కూర్చోబెడితే కూర్చోవడం కూడా ఒక పనేనని సరళకి ఆ రోజు అర్థమైంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఎక్స్‌రే వెలుతురుకి పెట్టి చూసింది. "ఇంకొక్క కాఫీ సీజను ఈ మెడ తట్టుకోదమ్మా. మోపులెత్తకు. ఎవరూ ఫొటో తీయకుండా చూసుకో" అంది. కాఫీ పళ్ల కోతా, టూరిస్టుల రాకా ఒకే చలికాలంలో వస్తాయి. పొద్దుటి మంచు అప్పటికే మొదలైంది.

అలాంటి రోజుల్లో లక్ష్మీప్రసాద్ రెండు కెమెరాలు బల్ల మీద పెట్టాడు. ఫోన్లలో ఫొటోలు ఇంకా మసకమసగ్గా వచ్చే రోజులవి. టూరిస్టులకే గిరిజన వేషం కట్టించి, నెత్తిన ఖాళీ కుండ పెట్టి ఫొటో తీస్తే సంబరపడేవారు. వాళ్లకి బరువేమీ ఉండిపోయేది కాదు. అద్దె కుండ బరువు అద్దె చీరతోనే దిగిపోతుంది.

"వ్యూపాయింట్ దగ్గర పని మొదలెడుతున్నాను సరళా. నువ్వొకటి తీసుకో, మా బామ్మర్ది ప్రేమ్‌కుమార్ ఒకటి. ముందు నువ్వే ఎంచుకో. రెండూ ఇంటికి పట్టుకెళ్లి వాడి చూసి, సోమవారం చెప్పు" అన్నాడు.

ఒకటి సబ్బుపెట్టెంత డిజిటల్ కెమెరా, వెండి రంగుది. రెండోది నల్లటి డీఎస్సెల్లార్, ఆ రకంలో అన్నిటికన్నా చౌకది, అయినా మెళ్లో వేసుకుంటే పిల్లాణ్ని వేసుకున్నట్టుంది.

"ఎంసుకోడానికి ఏటుంది బావా?" అన్నాడు ప్రేమ్‌కుమార్. విజయనగరం నుంచి దిగి వారం కూడా కాలేదు. "సిన్నది ఆవిడికి, పెద్దది నాకు. దాన్ని మెళ్లో ఏసుకోవాలంటే మనిషికి ఒక లెక్కుండాలి."

"చిన్నదే నయం సరళా" అన్నాడు లక్ష్మీప్రసాద్ దయగా. "ఎంచక్కా జేబులో పడుతుంది."

సరళ చీరకి జేబు లేదు. ఆ మాట ఆమె అనలేదు.

అనకపోవడానికి కారణముంది. ఆమె మనసు కూడా చిన్నదాని మీదే ఉంది. దానితో పొరపాటున ఎవర్నైనా తప్పు వేళలో తీసినా పుల్లంత బరువే. పెద్దదానితో తప్పు చేస్తే దుంగ. ఎవర్నీ ఇబ్బంది పెట్టని వస్తువు ఆడవాళ్ల చేతికి ఎంత తొందరగా ఒదుగుతుందో!

లక్ష్మీప్రసాద్ వాడకం చూపించాడు. చిన్నది మీట నొక్కాక లెన్సు ఆడించుకుని, వెలుతురు చాలకపోతే ఎర్ర లైటు వేసి చూసుకుని, ఫ్లాష్ కొట్టి అప్పుడు తీస్తుంది. పెద్దదానికి అంత ఆలోచన లేదు. మసక వెలుతుర్లో కూడా ఫ్లాష్ లేకుండా, నొక్కిందే తడవు తీసేస్తుంది. "కాకపోతే దీని లోపల అద్దం ఉంటుంది. నొక్కగానే అది పైకి లేస్తుంది. ఆ రెప్పపాటు నీ కంటికి అంతా చీకటి. ఏం పడిందో తీశాకే తెలుస్తుంది" అన్నాడు.

శనివారం సరళ చిన్న కెమెరాతో తల్లి చుట్టూ తిరిగింది.

యర్రమ్మ కూడా చుట్ట కాలుస్తుంది. అడ్డచుట్ట, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని. అలా అయితే చేతులు రెండూ పనికి ఖాళీగా ఉంటాయి, బూడిద పిండిలో రాలదు. అది చూసి విడ్డూరపడి ఫొటో తీసేవాళ్లున్నారు గానీ, ఎందుకలాగని అడిగినవాళ్లు లేరు. రోజుకి ఒక్కసారి, దీపాలవేళ, పొయ్యి మీద అన్నం ఉడుకుతుండగా, ఆమె గుమ్మం పక్కన గోడకి జారగిలబడి చుట్ట నోట్లోంచి తీసి వేళ్ల మధ్య పెట్టుకుంటుంది. ఆమె విశ్రాంతి అంతే. ఒక ఊపిరో, రెండు ఊపిర్లో. అంతలో ఏదో గుర్తొస్తుంది, చుట్ట మళ్లీ నోట్లోకి పోతుంది, ఆమె లేస్తుంది.

"ఏటే గుంటా, ఆ డబ్బా పట్టుకుని నా ఎనకాల తిరగతన్నావు?"

"ఒక్కపాలి నిదానంగా కూకోవే అమ్మా."

"కూకోమంటే కూకోడానికి నానేటి మీ అయ్యనా?"

అరుగు మీంచి గాసి కలగజేసుకున్నాడు. "నన్ను తియ్యే. నాను కూకునే ఉన్నాను."

"నువ్వింకా తేలికైపోతే అమ్మ దోటీ అందదు అయ్యా" అంది సరళ.

దీపాలవేళ యర్రమ్మ గోడకి జారగిలబడింది. చుట్ట చేతిలోకి వచ్చింది. సరళ మీట నొక్కింది. లెన్సు గుర్రుమంటూ బయటికొచ్చి, లోపలికెళ్లి, మళ్లీ బయటికొచ్చింది. ఎర్ర లైటు యర్రమ్మ మొహమ్మీద పడింది. "ఏటది?" అంటూ ఆమె లేవబోయింది. అప్పుడు మెరిసింది ఫ్లాష్. తెరమీద చూస్తే, మోకాలి మీద చెయ్యేసుకుని సగం లేచిన మనిషి.

మర్నాడు పొద్దున్న యర్రమ్మ మోకాలు పట్టుకుని లేచింది. పీట మీంచి లేచినా అంతే, గెడ్డ గట్టు మీంచి లేచినా అంతే. నిలబడ్డాక కూడా ఇంకా లేస్తున్నట్టే ఉందట. గుంటలు పూడ్చి, కట్టెలకి బయల్దేరింది.

"డాక్టరమ్మ వద్దంది గదే!"

"మరైతే డాక్టరమ్మొచ్చి వొండుతాదేటి?"

వెనుక నుంచి కనబడిన ఆ మెడ చూస్తే సరళకి ఏడుపు కూడా రాలేదు. ఏడవడానికి కూడా ఓపిక ఉండాలి. కట్టెలు తనే తెస్తానని తల్లిని వెనక్కి పంపింది. మోపు దింపాక చేతులు కడుక్కుని నల్ల కెమెరా మెళ్లో వేసుకుంది.

రోజంతా దాని మీట మీద వేలు పెట్టలేదు. యర్రమ్మ చేటతో చోళ్లు చెరుగుతుంటే, వంగి వాకిలి ఊడుస్తుంటే, మొగుడి పంచె ఉతికి ఆరేస్తుంటే, కెమెరా కన్నానికి కన్ను ఆన్చి చూస్తూ ఊరుకుంది. వేలు జారి తప్పు వేళ పడిందా, ఇంకో దుంగ. అది పడితే ఆ మెడ కాఫీ సీజను దాకా కూడా ఆగదు. చిన్నది తిరిగి తీసుకుందామా అని రెండుసార్లు అనుకుంది. చిన్నదానితో తప్పు చిన్నదే. కానీ దానితో ఒప్పు కూడా లేదు. ఈ ఇంట్లో ఆడమనిషి కూర్చునేది అది కళ్లు తెరుచుకునేంతసేపు కూడా కాదు.

పొద్దు వాలింది. కొండ మీంచి మంచు వాకిట్లోకి దిగుతోంది. ఎసట్లో బియ్యం పోసి, కట్టె ఎగదోసి, యర్రమ్మ గుమ్మం పక్కకి వచ్చింది. మోకాలు పట్టుకుని, ఒక చెయ్యి నేలకి ఆన్చి, గోడకి జారగిలబడింది. ఆమె కింద మట్టి ఎప్పట్లాగే కుంగింది.

సరళ చీకట్లో వాకిటి గుంజ వెనకాల నిలబడి ఉంది. కన్నంలోంచి తల్లి చెయ్యి కనబడుతోంది. అది నోటి దగ్గరికెళ్లింది. చుట్ట బయటికొచ్చింది. నిప్పు కొస ఎర్రగా కనబడింది. రెండో చెయ్యి ఒళ్లో వెల్లకిలా పడింది. పని చేసీ చేసీ ముడుచుకుపోయిన వేళ్లు ఒకటొకటే తెరుచుకున్నాయి. అంతలో పొయ్యి మీద మూత టపటపలాడింది. యర్రమ్మ కనుబొమలు కదిలాయి.

సరళ నొక్కింది.

అద్దం లేచింది. అంతా చీకటి. ఆ చీకట్లో తల్లి చెయ్యి కదిలిందో లేదో తెలియదు. చుట్ట నోట్లోకి వెళ్లిపోయిందో, ఉందో తెలియదు. దుంగ పడిందో, ఏం పడిందో తెలియదు. అంత చిన్న చీకటిలో, తల్లి మోసిన బరువులన్నీ ఒక్కసారి తన మెడ మీద ఆనినట్టు సరళ వంగిపోయింది.

అద్దం దిగి మళ్లీ వెలుతురొచ్చింది. కుంగిన మట్టి బుస్సున ఊపిరి వదిలి మెల్లగా పైకి లేచింది, యర్రమ్మని మోసుకుంటూ.

"ఓలమ్మా, అన్నం!" అంటూ యర్రమ్మ చటుక్కున లేచింది. మోకాలు పట్టుకోలేదు. లోపలికి ఒక్కంగలో వెళ్లబోయి, గుమ్మం పైన కర్రకి ఠపీమని నుదురు కొట్టుకుంది. ఆ గుమ్మంలో తల వంచాలన్న సంగతి ఆమె మరిచిపోయి చాన్నాళ్లయింది.

అరుగు మీంచి గాసి నోరు తెరిచి చూశాడు. "ఇదింత పొడుగా?" అన్నాడు.

సోమవారం పొద్దున్న వాకిట్లో పూడ్చేంత లోతు గుంటలు లేవు. యర్రమ్మ పార పట్టుకుని ఏం చేయాలో తోచక కాసేపు నిలబడి, ఊరికే కాస్త గడ్డి చెక్కింది. నుదుటి బొప్పికి మందు రాయించుకుంటానని కూతురితో అరకు బయల్దేరింది. బస్సులో కండక్టరు అలవాటుగా లగేజీ టికెట్టుకి చెయ్యి పెట్టాడు. ఆగాడు. కిటికీలోంచి తల బయటపెట్టి టైర్లు చూశాడు. ఇద్దరికి రెండు టికెట్లు కొట్టి వెనక్కి వెళ్లిపోయాడు.

స్టూడియోలో సరళ వెండి కెమెరాని బల్ల మీద ప్రేమ్‌కుమార్ ముందుకి తోసింది. నల్లది మెళ్లోంచి తీయలేదు.

"అదేటి?" అన్నాడు ప్రేమ్‌కుమార్. "బావా, సూడు! రోజల్లా అంత బరువు ఎలా మోస్తాదంట?"

సరళ అతని వైపు చూసింది. తల్లి వైపు చూసింది.

"బాగా ఆలోచించుకున్నావా?" అడిగాడు లక్ష్మీప్రసాద్. "ఎందుకు నచ్చింది?"

"మా ఊరి ఆడోళ్లు అట్టే సేపు కూకోరు బాబూ" అంది సరళ. "సిన్నదానికి అంత తొందర లేదు."

ఆయన ఇంకేదో అడగబోయి, అలికిడైతే గోడ వైపు తిరిగాడు. అక్కడ యర్రమ్మ ఫొటోల స్టూలు లాక్కుని, గోడకి వీపు ఆన్చి, మడమలు నేలకి ఆన్చి కూర్చుంది. చుట్ట నోట్లో లేదు. చేతిలోనూ లేదు. బస్సుకి ఇంకా చాలా టైముంది. ఆమెని ఎవరూ కూర్చోమనలేదు.